పాత పేరుపై నెమలికన్ను

యువతరమునకు టాటూల వెర్రి ముదిరినదనియు, శుక్రవారము సాయంకాలములోగా దానిపై ముఖచిత్ర కథన మొకటి చేతికందవలెననియు సంపాదకులు సెలవిచ్చినారు. వెర్రి సంగతి అటుంచి, హైదరాబాదులో నొక మేడమీది టాటూ స్టూడియోలో, బల్లసొరుగునుండి వెలికివచ్చిన యొక లావుపాటి ఫైలును చూచిన పిమ్మట, నాకు దానిని విడిచి మరియొకదానిని గూర్చి వ్రాయుటకు మనసొప్పలేదు.

ఆ ఫైలు నిండ నున్నవి ట్రేసింగు కాగితములు. పాత పచ్చబొట్టును కప్పించుకొనగోరి వచ్చినవారి చర్మముపై పలుచని కాగితమును పరచి, ఉన్న గీతలను ఎర్రసిరాతో యథాతథముగా నెత్తి వ్రాసికొని, ఆ యెరుపుపై నీలిసిరాతో కొత్తబొమ్మను గీయుట అచ్చటి పద్ధతి. దీనినే వారు కవరప్ అందురు. కొన్నిట నెర్రగీతలు వంకరపోయిన సింహములు, కొన్నిట తేళ్లు; అధికభాగము మాత్రము పేర్లు.

అందొక కాగితమును నేను చాలసేపు చూచితిని. ఒక స్త్రీ ముంజేతి లోపలివైపున తెలుగులిపిలో పొడిపించుకొన్న పురుషనామ మది, రెండే యక్షరములు. ఆ పేరిచ్చట చెప్పను గాని, మొదటిది తలకట్టుతోడి గుండ్రని యక్షరమనియు, రెండవదానికి కుడిప్రక్కన కొమ్ము వ్రేలాడుచున్నదనియు చెప్పుటలో దోషము లేదు. మొదటి యక్షరము చుట్టును నీలిసిరా ముమ్మారు పరిభ్రమించి దానిని నెమలిపింఛములోని కన్నుగా మార్చినది. తలకట్టు పింఛపు పోగులలో నొకటియై కలిసిపోయినది. రెండవ యక్షరపు ఉదరము మరియొక చిన్న యీక నీడలో నడగినది. కొమ్ము మాత్రము ఏ రేఖలోను ఇముడనొల్లక, నాలుగుసార్లు చెరిపి గీయబడి, తుదకు ఈకకాడగా సాగి మణికట్టుదాక దిగినది. కాగితము మూలన పెన్సిలుతో వ్రాసి కొట్టివేసిన మాటలు రెండు: గులాబి, తామర. లేతరంగు రేకులకు క్రిందినలుపు నణచు శక్తి లేదు గనుక ఆ రెండును త్రోసివేయబడినవట.

"ఇంగ్లీషు పేర్లయితే చానా కష్టం సార్. నిలువుగీతలు ఏడ పెట్టినా కనబడ్తయ్. మన అక్షరాలు గుండ్రం గదా, ఈకలల్ల, పువ్వులల్ల కలిసిపోతయ్" అని ఆ చిత్రకారుడు చెప్పినాడు. అచ్చుకూటములవారిని తరతరములుగా నేడిపించిన మన గుణింతపు వంపులకు ఇట్టి ప్రయోజన మొకటి కలదని లిపిసంస్కర్త లెవ్వరును తలచి యుండరు.

కవరప్ అనగా గోడకు వెల్లవేయుట వంటిదని పలువురు భ్రమింతురు, అట్లు కాదు. సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున చర్మము లోపొరలో రంగును విడుచును. కొత్తరంగును చేరునది ఆ పొరనే. కావున రెండవది మొదటిదానిపై నిలువక దానితో కలిసియే కంటికి గోచరించును. నలుపుపై తెలుపు వేయించుకొందుమని వచ్చువారికి నిరాశయే గతి. గాఢమైన నీలము, పచ్చ, నలుపు ఇవే శరణ్యములు. కొత్తబొమ్మ పాతదానికి రెండు మూడింతలైన గాని పని కుదురదు. పాతది మరీ నల్లగా నున్నచో ముందుగా లేజరుతో పలుచన చేయించుకొని రమ్మందురు. ఈ రంగు చెరగకుండుటకు గల కారణమును 2018లో ఫ్రాన్సుదేశపు మార్సెయి నగర పరిశోధకులు ఎలుకల తోకలపై పచ్చబొట్టు పొడిచి కనుగొనిరి: రంగును మ్రింగిన రక్షకకణము చచ్చినప్పుడు దానిని విడిచిపెట్టును, తరువాత వచ్చిన కణము అదే రంగును మరల మ్రింగును. దేహమే ఇంత పట్టుదలతో నిలుపుకొనుచున్న పేరును మనుష్యుడు మరచిపోదలచుట నాకు కొంత సాహసముగనే తోచినది.

ఆ కాగితపు యజమానురాలు రెండవ సిట్టింగునకు వచ్చియుండగా, ఇంత బాధ ఎందుకమ్మా అని అడిగితిని. ఏదేని విషాదగాథ వినబోదునని నే నెదురుచూచిన మాట నిజము. ఆమె నవ్వి, "ఆయన మీద కోపమేం లేదండీ. బస్సులో పైకడ్డీ పట్టుకుంటే చాలు, పక్కన కూర్చున్నవాళ్లంతా చదివేస్తున్నారు. కొందరు పైకే చదువుతారు కూడా" అనెను.

చరిత్ర లేనిదే సంపాదకు లొప్పరు గనుక సంగ్రహముగా: 1991లో ఆల్ప్సు మంచులో దొరికిన, 5,300 ఏండ్ల నాటి ఓట్జీ దేహముపై 61 గురుతులు గలవు, ఎడిసన్ విద్యుత్కలమును చూచి శామ్యూల్ ఓరైలీ 1891లో న్యూయార్కున టాటూయంత్రమునకు పేటెంటు పొందెను, దక్షిణభారత కులములను, తెగలను గూర్చిన 1909 నాటి థర్స్టన్ సంపుటములలో ఎరుకల స్త్రీలు పచ్చబొట్లు పొడుచువారుగా పేర్కొనబడిరి. వారు పొడిచిన నల్లనిమసి చర్మము మాటున నీలిపచ్చగా గోచరించును. మా యూరి ముదుసళ్ల మోచేతులపై నా బొట్లను చూచుచు పెరిగినవాడను గనుక, యంత్రపు టాటూలకన్న నాకు వానియందే పక్షపాతము.

పెట్టెలో మిగిలినవి

పుట్టుమచ్చపై బొమ్మ వేయింపరాదని చర్మవైద్యులు హెచ్చరింతురు. మచ్చ రంగు మారినను, పెరిగినను రంగుక్రింద కనబడదు.

రక్తము కారినచోట పాతసూది గట్టిగా దిగియున్నచో అచ్చట చర్మము ఉబ్బియుండును. రంగు దానిని కప్పలేదు. వ్రేలితో తడిమినచో పాత పేరు తెలియును.

భారతసైన్యములో చేరగోరువారికి మోచేతినుండి మణికట్టువరకు ముంజేతి లోపలివైపునను, అరచేతి వెనుకవైపునను తప్ప శాశ్వతమైన పచ్చబొట్లు నిషిద్ధములు; ఆచారముగా పొడిపించుకొను గిరిజనులకు సడలింపు కలదు. భుజముపై పేరును మూయుటకై గరుడపక్షిని వేయించుకొనవచ్చిన యొక యువకుడు సైన్యమున చేరగోరుచున్న సంగతి విని, మా చిత్రకారుడు సూది పట్టక, లేజరు వైద్యుని చిరునామా వ్రాసియిచ్చి పంపివేసెను.