తివాచీ మనది కాదా?

అమలాపురం ఫంక్షన్ హాళ్లలో వేదిక దాకా పరిచే ఎర్రటి పట్టాను తివాచీ అనేస్తాం. చాలామట్టుకు అది నేసింది కాదు. సింథటిక్ పోగుల్ని ముళ్ల సూదులతో పొడిచి పట్టాగా అదిమింది. అసలు తివాచీ గురించీ మనలో చాలా అపోహలున్నాయి.

అపోహ: తివాచీ కాశ్మీరుదో పర్షియాదో, మనకు సంబంధం లేదు.

వాస్తవం: గోదావరి దాటితే ఏలూరు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లే తమ పూర్వీకులని అక్కడి ముస్లిం నేత కుటుంబాలు చెప్పుకుంటాయి. 17వ శతాబ్దంలో మచిలీపట్నం పర్షియన్ వర్తకులతో, డచ్చి ఓడలతో కళకళలాడిన రేవు. 1851 లండన్ ప్రదర్శనలో వరంగల్ పట్టు తివాచీ నిలిచింది. జపాన్‌లో, క్యోటో గియోన్ ఉత్సవ రథాలను అలంకరించే పాత తివాచీల్లో దక్కనులో నేసినవి ఉన్నాయని పరిశోధకులు గుర్తించారు.

అపోహ: పువ్వులు, లతలు తర్వాత కుట్టినవో అద్దినవో.

వాస్తవం: బండారులంక మగ్గం మీద నాడె అటూ ఇటూ పరుగెత్తి బట్ట నేస్తుంది. తివాచీకి అంత వేగం కుదరదు. నిలువు మగ్గానికి పడుగు బిగించి, పోగుల జంట జంటకూ రంగు ఉన్నితో ముడి వేసి, కొస కోస్తారు. ఒక వరుస ముళ్లు పూర్తయ్యాక పేక పోగు పోనిచ్చి, ఇనప దువ్వెనతో గట్టిగా దిగ్గొడతారు. చివర్న కత్తెరతో పైభాగం సమం చేస్తారు. అంటే పువ్వులో ప్రతి చుక్కా ఒక ముడే.

అపోహ: వరంగల్ జంఖానా కూడా తివాచీయే.

వాస్తవం: 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జంఖానాకు ముళ్లుండవు, పైకి లేచిన పోగుల కుచ్చు ఉండదు. అది చదునైన నేత, దాని అందం దానిది.

అపోహ: ఈ కళ మొగలాయిల కాలంలో పుట్టింది.

వాస్తవం: 1949లో సైబీరియాలోని పజిరిక్ సమాధిలో, మంచులో దొరికిన తివాచీ వయసు సుమారు 2,400 ఏళ్లు.

అపోహ: పనితనం తగ్గి మన తివాచీలు వెనకబడ్డాయి.

వాస్తవం: ఈ నింద అన్యాయం. మచిలీపట్నం తివాచీలు ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైనవాటిలో ఉండేవనీ, వాటిని చెడగొట్టింది ముఖ్యంగా ఇంగ్లిషువాళ్ల గిరాకీయేననీ 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లిషువాడే రాశాడు.

కొనేటప్పుడు తివాచీని తిరగేసి చూడండి. వెనక కూడా అదే పువ్వు ముడి ముడిగా కనబడాలి, అంచు కుచ్చులు పడుగు పోగులే కావాలి. అలాంటిది ఏలూరు నుంచి వస్తే, బేరం మరీ బిగించకండి.