కార్యశేషం

ఋణశేషం, వ్రణశేషం, శత్రుశేషం మిగల్చరాదని పెద్దల మాట. కొంచెమే గదా అని విడిచిన అప్పు వడ్డీతో పెరుగుతుంది. మానీ మానని పుండు మళ్ళీ రేగుతుంది. ఈ వరుసలో చేర్చదగినది మరొకటి ఉన్నది. అదే కార్యశేషం. సగంలో విడిచిన పని కంటికి కనిపించకపోయినా మనస్సును ఆక్రమించుకొని ఉంటుంది.

ఒక విద్యార్థి స్థితిని ఊహించండి. భౌతికశాస్త్రం రికార్డులో ఇంకా నాలుగు ప్రయోగాలు రాయవలసి ఉన్నది. గ్రంథాలయ పుస్తకానికి గడువు దాటింది. ఉపకారవేతనం దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం తేవాలి. అలిగిన మిత్రునితో ఒక మాట మాట్లాడాలి. వీటిలో ఏదీ మహాకార్యం కాదు. అయినా పాఠం తెరిచి కూర్చోగానే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వస్తాయి. చూపు అక్షరాలపై, చిత్తం రికార్డుపై ఉంటాయి. గంట గడిచినా చదువు సాగదు, రికార్డూ పూర్తికాదు.

ఈ స్థితిని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. బెర్లిన్‌లో కర్ట్ లెవిన్ శిష్యురాలైన బ్లూమా జైగార్నిక్ తన ప్రయోగాల ఫలితాలను 1927లో ప్రకటించింది. ఆమె కొందరికి లెక్కలు, చిక్కుప్రశ్నలు వంటి చిన్న పనులు ఇచ్చి, సగం పనులను మధ్యలోనే ఆపించింది. తరువాత అడిగితే, పూర్తయిన వాటికన్న ఆగిపోయిన పనులే వారికి దాదాపు రెట్టింపుగా జ్ఞాపకమున్నాయి. తరువాతి ప్రయోగాలన్నింటిలో ఈ ఫలితమే రాలేదు. అయితే ఆగిన పనిని మళ్ళీ అందుకోవాలనే తపన మనిషిలో బలంగా ఉంటుందని ఆమె సహాధ్యాయిని మరియా ఓవ్స్యాంకినా 1928లో చూపిన విషయం తరువాతి పరిశోధనలలోనూ నిలిచింది.

అట్లయితే పనులన్నీ ముగిసేదాకా మనశ్శాంతి లేదా? 2011లో మసికాంపో, బామైస్టర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి ఊరట కలిగించే సమాధానమిచ్చారు. అసంపూర్ణ కార్యాలను తలచుకొన్నవారికి ఒక నవలలోని పుటలు చదువుతుండగా ధ్యాస చెదిరింది. ఆ పనులు ఎప్పుడు, ఎట్లా చేయాలో ముందుగా నిశ్చయించుకొన్నవారికి ఆ బాధ తగ్గింది. పని పూర్తికాకపోయినా, దానికొక మార్గం ఏర్పడితే మనస్సు కుదుటపడుతుందన్నమాట.

కనుక మొదట చేయవలసినది, మిగిలిన పనులన్నింటినీ కాగితంపై రాయడం. కొద్ది నిమిషాలలో అయ్యేవాటిని అప్పుడే ముగించాలి. వ్యవధి కావలసినవాటికి వేళను, తొలి అడుగును నిర్ణయించాలి. “రికార్డు పూర్తిచేయాలి” అనుకోవడం కోరిక మాత్రమే. “శనివారం సాయంత్రం 5 గంటలకు ఏడవ ప్రయోగం పట్టికతో మొదలుపెట్టాలి” అన్నది నిర్ణయం. ఇక చేయలేనివి, చేయనక్కరలేనివి కొన్ని ఉంటాయి. వాటిని తెలిసి విడిచిపెట్టి, ఎదురుచూసేవారికి ఆ సంగతి చెప్పాలి. అది సోమరితనం కాదు, వివేకం.

ఆగిన పనిని అందుకోవాలంటే అది ఎక్కడ ఆగిందో తెలియాలి. ఇందుకు మన సాహిత్యంలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. 11వ శతాబ్దిలో నన్నయ ఆంధ్రమహాభారత రచన అరణ్యపర్వం మధ్యలో ఆగింది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి చివరివరకు రచించాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వశేషాన్ని 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. ఆయన పర్వాన్ని మొదటినుండి తిరిగి రాయలేదు. నన్నయ ఆపిన చోటనే అందుకొన్నాడు. ఆ భాగాన్ని నన్నయను ప్రోత్సహించిన రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. అంత పెద్ద కార్యశేషం కూడా ఆగిన చోటును గుర్తించి అందుకొన్నవాని చేతిలో పూర్తయింది.

మన రికార్డులు, దరఖాస్తులు అంతటివి కావు. ఏ పనినైనా మధ్యలో ఆపవలసివస్తే, ఆగిన చోటును, తరువాత చేయవలసిన దానిని ఒక్క వాక్యంలో రాసి లేవడం అలవరచుకోవాలి. నిర్ణయించిన వేళకు దానిని తప్పక అందుకోవాలి. వేళ దాటవేస్తే బరువు మళ్ళీ మనస్సుపైకే వస్తుంది. ఈ అలవాటు గల విద్యార్థి పాఠం చదివేటప్పుడు పాఠాన్నే చదువుతాడు. మిత్రునితో మాట్లాడేటప్పుడు మిత్రుని మాటనే వింటాడు.