తెడ్డా, గెడా?

కొల్లేటిలో పడవ నడుపువాడు తెడ్డు పట్టవలెనా, గెడ పట్టవలెనా అన్నది నిర్ణయించునది పడవ కాదు, నీటి అడుగుననున్న నేల. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన ఒండ్రు ఆ సరస్సులో చేరుచుండును, లోతు తక్కువ. గుఱ్ఱపుడెక్క అల్లుకొనినచోట తెడ్డు ఆకు చిక్కుపడును. అక్కడ వెదురు గెడయే శరణ్యము. కణుపుల నడుమ గాలి యుండుటచే అది చేజారినను తేలును.

అయినను గెడను పూర్తిగా నమ్మరాదు. మెత్తని ఒండ్రులో బలముగా గ్రుచ్చినచో అది దిగబడిపోవును. పడవ మాత్రము ముందుకు సాగును. గెడను విడువనివాడు నీటిలో పడును. విడిచినవాడు వట్టి చేతులతో పడవలో మిగులును! కొసకు పంగకఱ్ఱ బిగించినచో అంతగా దిగబడదు. గెడను మెలిత్రిప్పి లాగుట మరియొక యుపాయము. ఎట్లయినను పడవలో తెడ్డొకటి ఉండి తీరవలెను.

సరస్సు విడిచి ఉప్పుటేరులో ప్రవేశించి, గెడకు నేల అందనంత లోతు తగిలినపుడు ఆ తెడ్డే దిక్కు. దానిని కొనునపుడు రంగు చూచి మురియువారే ఎక్కువ. చూడవలసినది కఱ్ఱ నార: పిడినుండి ఆకువరకు తిన్నగా సాగవలెను. మెడవద్ద ముడి యున్న తెడ్డు అక్కడనే విరుగును. ఆకు మిక్కిలి వెడల్పైనచో నీటిని ఎక్కువగా త్రోయును గాని, చేయి త్వరగా అలసిపోవును. పిల్లలకు సన్నని ఆకే మేలు.

ఒడ్డు చేరునపుడు కావలసినది కొక్కెపు గెడ. దాని కొస మొద్దుగా నుండవలెను. వాడిదైనచో ఎదుటి పడవ చెక్కను, ఒక్కొక్కప్పుడు ఎదుటివాని చేతిని చీల్చును. పట్టునపుడు దాని మొదలు పొట్టకెదురుగా కాక, ప్రక్కకు ఉండవలెను.