గోల్‌పోస్టు నుండి శిక్షణా మైదానానికి: పీటర్ తంగరాజ్ క్రీడాజీవితం

జంటనగరాల ఫుట్‌బాల్ చరిత్రలో ముందువరుసలో నిలిచే క్రీడాకారులలో పీటర్ తంగరాజ్ ఒకరు. సికింద్రాబాదు క్లబ్బుల్లో ఆట నేర్చుకుని, సైన్యంలో గోల్‌కీపర్‌గా రూపొంది, రెండు ఒలింపిక్ క్రీడలకు భారత జట్టు సభ్యునిగా వెళ్ళిన ఆయన 1962 ఆసియా క్రీడల స్వర్ణపతక విజయంలో కీలక పాత్ర వహించారు. ఆట నుండి విరమించిన తరువాత జీవితాంతం శిక్షకునిగానే కొనసాగారు. భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను మాత్రమే ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. ఆ తరువాత మరొకటి రాలేదు. రెండవ స్వర్ణం నాటి అంతిమ పోటీలో గోల్‌పోస్టుల మధ్య నిలబడినది ఆయనే.

కంటోన్మెంటు మైదానాలు

1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండు ప్రాంతంలో సైనిక పటాలాలతో పాటు వారి ఆటలు కూడా స్థిరపడ్డాయి. కవాతు మైదానాల చుట్టూ పుట్టిన చిన్న చిన్న క్లబ్బులు స్థానిక యువకులకు ఫుట్‌బాల్‌ను చేరువ చేశాయి. 1935 డిసెంబరు 24వ తేదీన హైదరాబాదులో జన్మించిన తంగరాజ్ మార్నింగ్ స్టార్ క్లబ్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్‌ల తరఫున ఆడుతూ ఎదిగారు. ఆయనతో పాటు భారత జట్టులో ఆడి పేరు గాంచిన తులసీదాస్ బలరామ్ సైతం సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందినవారే.

అది హైదరాబాదు ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయిలోని రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన రహీం ఆటను కూడా పాఠం వలె క్రమబద్ధంగా బోధించేవారు. భారత జట్టుకు సైతం ఆయనే శిక్షకులు కావడంతో జంటనగరాల క్రీడాకారులు పలువురు జాతీయ స్థాయికి చేరుకున్నారు.

ఫార్వర్డ్ నుండి గోల్‌కీపర్‌గా

తంగరాజ్ 1953లో మద్రాసు రెజిమెంటల్ సెంటర్‌లో చేరారు. నీలగిరి కొండలలోని వెల్లింగ్టన్ ఈ సైనిక కేంద్రానికి నిలయం. అక్కడ ఆయన తొలుత సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడారు. అంటే గోల్ చేయడమే ఆయన పని. కొంతకాలానికి ఆయన గోల్‌ను కాపాడే స్థానానికి మారారు.

ఈ మార్పును కేవలం స్థానం మార్పుగా భావించరాదు. ఫార్వర్డ్ పది అవకాశాలలో ఒకదానిని గోల్‌గా మలచినా ప్రశంసలు పొందుతాడు. గోల్‌కీపర్ పది బంతులలో తొమ్మిదింటిని ఆపినా జారిన ఆ ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. అయితే ముందువరుసలో ఆడిన అనుభవం గోల్‌కీపర్‌కు ఒక విధంగా మేలు చేస్తుంది. ప్రత్యర్థి బంతిని ఎప్పుడు, ఏ మూలకు కొట్టగలడో అతని దృష్టితో చూసి ముందుగానే అంచనా వేయడం సాధ్యమవుతుంది. ఆరడుగులకు మించిన ఎత్తు, పొడవైన చేతులు తంగరాజ్‌కు సహజంగా లభించాయి. గోల్ ఎదుటకు ఎత్తుగా వచ్చే బంతులను రక్షకుల తలలపై నుండి అందుకోవడంలో ఆయన నేర్పరిగా పేరు పొందారు.

మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లోను, తిరిగి 1958లోను డ్యూరాండ్ కప్‌ను గెలుచుకుంది. ఈ విజయాలతో తంగరాజ్ పేరు దేశమంతటా వినిపించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో ఆయన సభ్యులు. 1958లో ఆసియా ఖండపు ఉత్తమ గోల్‌కీపర్‌గా గుర్తింపు పొందారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు కూడా ఆయన ఎంపికయ్యారు. అక్కడ హంగరీ చేతిలో 2-1 తేడాతో ఓడిన భారత్, ఫ్రాన్స్‌ను 1-1 వద్ద నిలువరించింది.

జకార్తా అంతిమ పోటీ

1962 ఆసియా క్రీడలలో భారత జట్టు తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిపోయింది. తరువాత థాయిలాండ్, జపాన్ జట్లపై గెలిచి, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2 తేడాతో ఓడించింది. అంతిమ పోటీలో మళ్ళీ కొరియాయే ఎదురైంది.

ఈ క్రీడల సందర్భంగా తంగరాజ్ జ్వరంతో బాధపడ్డారు. ఆయన స్థానంలో ప్రద్యోత్ బర్మన్ గోల్ రక్షణ బాధ్యత వహించి జట్టును ముందుకు నడిపించారు. అంతిమ పోటీకి మాత్రం రహీం కోలుకున్న తంగరాజ్‌ను ఎంపిక చేశారు. జట్టును గెలిపించుకుంటూ వచ్చిన గోల్‌కీపర్‌ను పక్కనబెట్టి, జ్వరం నుండి లేచిన ఆటగాడిని దింపడం సాహసమే. నేటి వలె ఒకే పోటీలో ఐదుగురు ఆటగాళ్ళను మార్చుకునే వెసులుబాటు ఆనాడు లేదు. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించడం ఆనాటి మరొక నిర్ణయం.

సెప్టెంబరు 4వ తేదీన సెనయాన్ స్టేడియంలో జరిగిన ఆ పోటీలో ప్రేక్షకులు భారత్‌కు పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నారు. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆతిథ్య దేశం అనుమతించకపోవడాన్ని భారత క్రీడా ప్రతినిధి ఒకరు ఆక్షేపించడమే ఇందుకు కారణం. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ సాధించారు. ఇక మిగిలిన 70 నిమిషాలూ ఆ ఆధిక్యాన్ని కాపాడుకోవలసిన భారం తంగరాజ్‌పైన, ఆయన ముందున్న రక్షణ శ్రేణిపైన పడింది. కొరియా 85వ నిమిషంలో మాత్రమే ఒక గోల్ చేయగలిగింది. భారత్ 2-1 తేడాతో స్వర్ణం గెలుచుకుంది. తొమ్మిది నెలల అనంతరం, 1963 జూన్ 11వ తేదీన రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

కలకత్తా క్లబ్బులు, అర్జున పురస్కారం

సైన్యాన్ని వీడిన తరువాత తంగరాజ్ కలకత్తాలోని మూడు ప్రధాన క్లబ్బులైన మొహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడారు. 1964 ఆసియా కప్‌లో భారత్ ద్వితీయ స్థానం పొందినప్పుడు కూడా ఆయన జట్టులో ఉన్నారు. 1967లో కేంద్ర ప్రభుత్వం ఆయనకు అర్జున పురస్కారాన్ని ప్రదానం చేసింది.

ఈ పురస్కారం 1961లో ప్రారంభమైనది. ఫుట్‌బాల్‌లో తొలి ఆరు సంవత్సరాలు దీనిని అందుకున్నవారంతా మైదానంలో ఇతర స్థానాలలో ఆడినవారే. గోల్‌కీపర్‌గా మొట్టమొదట స్వీకరించినవారు తంగరాజ్. మరొక గోల్‌కీపర్‌కు, గోవాకు చెందిన బ్రహ్మానంద్ శంఖ్వాల్కర్‌కు, ఈ గౌరవం 1997లో గాని దక్కలేదు. గోల్‌కీపర్ శ్రమకు గుర్తింపు ఎంత ఆలస్యంగా లభిస్తుందో ఈ 30 సంవత్సరాల వ్యవధి తెలియజేస్తుంది.

శిక్షకునిగా

క్రీడాకారునిగా విరమించిన పిదప తంగరాజ్ గోవాలోని వాస్కో స్పోర్ట్స్ క్లబ్‌కు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి శిక్షణ సేవలందించారు. అనంతరం బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి అక్కడి యువకులకు ఫుట్‌బాల్ నేర్పారు.

గోల్‌కీపర్‌కు శిక్షణ మిగిలిన పదిమంది శిక్షణ వంటిది కాదు. ముందుకు ఉరికి వచ్చే ప్రత్యర్థికి ఎన్ని అడుగులు ఎదురు వెళితే గోల్ వైశాల్యం అతనికి తక్కువగా కనబడుతుందో, ఎత్తుగా వచ్చే బంతికి ఎప్పుడు బయటకు రావాలో, ఎప్పుడు గీత మీదనే నిలవాలో మాటలతో చెప్పినంత మాత్రాన రాదు. పక్కన నిలబడి, వందలసార్లు బంతిని వేసి, ప్రతిసారి పాదాల స్థానాన్ని సరిదిద్దేవారు కావాలి. నేడు పెద్ద జట్లన్నింటికీ గోల్‌కీపింగ్‌కు ప్రత్యేక శిక్షకులు ఉన్నారు. తంగరాజ్ తరంలో అటువంటి ఏర్పాటు అరుదు. సీనియర్లను చూసి, దెబ్బలు తిని, సొంతంగా నేర్చుకున్నదే విద్య. అందుచేతనే అనుభవజ్ఞుడైన ఒక గోల్‌కీపర్ శిక్షకునిగా మారడం విశేష ప్రాధాన్యం గల విషయం. ఆయన చేతుల్లోని విద్య ఆయనతోనే ముగిసిపోకుండా మరొకరికి అందుతుంది.

ఆట నియమాలు కూడా ఆ తరువాత మారాయి. సహచరుడు కావాలని కాలితో వెనక్కి అందించిన బంతిని గోల్‌కీపర్ చేతులతో పట్టరాదన్న నిబంధన 1992లో వచ్చింది. నాటి నుండి గోల్‌కీపర్‌కు చేతులతో సమానంగా పాదాల నైపుణ్యం అవసరమైంది. ఫార్వర్డ్‌గా ఆరంభమైన తంగరాజ్ వంటి వారి అనుభవం ఈ మార్పు తరువాత మరింత విలువను సంతరించుకుంది.

2008 నవంబరు 24వ తేదీన తంగరాజ్ బొకారోలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు. రహీం జీవితం ఆధారంగా 2024లో విడుదలైన ‘మైదాన్’ హిందీ చలనచిత్రంలో ఆయన పాత్ర కూడా ఉండటంతో, ఆయన ఆటను చూడని తరానికి ఆ పేరు పరిచయమైంది.

సికింద్రాబాదు క్లబ్బులు ఒక గోల్‌కీపర్‌ను దేశానికి అందించాయి. ఆయన నేర్చిన విద్య గోవా, అలీగఢ్, బొకారోలలోని యువకులకు అందింది. ఆయన గెలిచిన పతకాలు రికార్డులలో భద్రంగా ఉన్నాయి. శిక్షకునిగా ఆయన గడిపిన సంవత్సరాలకు అటువంటి లెక్క లేదు. క్రీడాకారుల విజయాలతో పాటు, విరమణ అనంతరం వారు నేర్పిన చోట్లను, తీర్చిదిద్దిన శిష్యులను కూడా నమోదు చేసినప్పుడే జంటనగరాల ఫుట్‌బాల్ చరిత్ర సమగ్రమవుతుంది.