గిడుగు, గూడ, కొప్పెర, గొంగడి

కువైట్‌లో కూర్చుని వాన బట్టల గురించి రాయడమేమిటని నవ్వకండి. ఇక్కడ ఏడాది మొత్తానికి కురిసేది సగటున 110 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన కోస్తాలో వాయుగుండం వస్తే రెండు రోజుల్లో పడే వాన అది. అయితే పడినప్పుడు మాత్రం గట్టిగానే పడుతుంది. 2018 నవంబరులో రోడ్లు ఏరులయ్యాయి, విమానాశ్రయం మూతపడింది, ప్రజాపనుల మంత్రి హుసామ్ అల్-రూమీ రాజీనామా చేశారు. ఇలాంటి వానల్లో రోడ్ల మీద మిగిలేది పసుపుపచ్చ ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని మ్యాన్‌హోళ్ళ దగ్గర నిలబడే కూలీలే. వాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. ఆ కోటుని ఏమంటారంటే రెయిన్‌కోటు అంటారు. వేరే మాట ఇప్పుడు మన నోటికి రాదు.

కానీ మన పనులు వానలోనే కదా జరిగేవి. నాట్లు వానలో, గొర్రెల మేత వానలో, కాలవ గట్టు తెగితే వేసే అడ్డుకట్ట వానలో. రెయిన్‌కోటు రాకముందు వీళ్ళంతా ఏం కప్పుకున్నారు, దాన్ని ఏమన్నారు అని వెతకడం మొదలుపెడితే ఒక సంగతి అర్థమైంది. గొడుగు నడిచేవాడిది. అది ఒక చెయ్యి అడుగుతుంది. పనిచేసేవాడికి రెండు చేతులూ కావాలి. అందుకే పాత పనివాళ్ళ వాన సరంజామా అంతా చేతులు వదిలేసి తలనీ వీపునీ పట్టుకునేదే.

గిడుగు తాటాకులతో చేసే వాన అడ్డు. పిడుగులాంటి వ్యావహారిక భాషావాది గిడుగు రామమూర్తి ఇంటిపేరులో వినిపించే మాటా ఇదే. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు వేదికల మీద వందసార్లు పలికే ఆ మాటకి అర్థం అడిగితే ఎంతమంది చెప్పగలరు?

గూడ కోస్తా మాట. చెరువుల్లో పెరిగే జమ్ముతో కట్టేవాళ్ళు కాబట్టి జమ్ముగూడ. నెత్తి మీంచి నడుం దాకా వెనకవైపు కప్పుతుంది. ముందువైపు ఏమీ ఉండదు, అక్కర్లేదు కూడా. నాటు వేసేవాళ్ళు వంగి ఉంటారు, వాన పడేది వీపు మీద. ఒంటికి కాదు, పనికి కొలత తీసి చేసిన బట్ట అది.

కొప్పెర బట్ట పేరు కన్నా ఒక మడత పేరు అనాలి. గోనెసంచి అడుగు మూలల్లో ఒకదాన్ని రెండోదాని లోపలికి తోస్తే టోపీలాంటి కొన వస్తుంది. దాన్ని నెత్తిన పెట్టుకుంటే మిగతా సంచి వీపు మీదకి జారుతుంది. కుట్టు లేదు, ఖర్చు లేదు. వాన వెలిశాక విప్పితే మళ్ళీ సంచే.

ఇక గొంగడి. తెలంగాణలో గొంగడి, కోస్తాలో గొంగళి, రాయలసీమలో కంబళి. దక్కనీ జాతి నల్ల గొర్రెల ఉన్ని కత్తిరించి, ఏకి, వడికి, గుంట మగ్గం మీద నేసేవాళ్ళు కురుమలు, కురుబలు. నేశాక చింతగింజల గంజి పట్టించి ఎండబెడితే బిరుసెక్కుతుంది. ఉన్నిలో సహజంగా ఉండే మైనం నీళ్ళని కాసేపు జారుస్తుంది. ఆ తర్వాత తడిసిన పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమని తాగినా ఒంటికి తడి తెలియనివ్వదు. రాత్రికి అదే పక్క, పంచాయితీకి అదే పరుపు, మల్లన్న పూజకి అదే ఆసనం.

బయటి ప్రపంచం వేరే దారిలో వెళ్ళింది. నావికులు గుడ్డకి అవిసె నూనె పట్టించారు. 1823లో చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టడానికి పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో 1920లో మొదలైన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వారి డక్‌బ్యాక్ కోట్లు వచ్చాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ అన్నిటినీ ఊడ్చేసింది. ప్లాస్టిక్ తేలిక, చవక. వానలో గొంగడి మోసినవాడెవడూ దాన్ని తిట్టడు, నేనూ తిట్టను. ఆ నల్ల గొర్రె సంగతే వేరు. మాంసానికి ధర పెరిగి, ఉన్నికి పడిపోయాక, ఒంటి మీద ఉన్నే ఉండని నెల్లూరు జాతి గొర్రెలు దక్కన్ మందల్లోకి వచ్చాయి. గొర్రె మారితే ఉన్ని లేదు, ఉన్ని లేకపోతే మగ్గం లేదు, మగ్గం లేకపోతే ఏకడం, వడకడం, గంజి పెట్టడం అనే మాటలకి పనిలేదు.

కబ్ద్ వైపు గొర్రెల దొడ్లలో పనిచేసే రాయచోటి ప్రాంతపు ఆయనతో ఒకసారి మాట్లాడాను. ఇక్కడ కాపరులు చలికి కప్పుకునే ఫర్వా ఎలా ఉందన్నా అని అడిగితే, "వెచ్చగానే ఉంటాది సార్. కానీ వానకి పనికిరాదు, తడిస్తే మొయ్యలేం. మా నాయన కంబళి అయితే తడిసే కొద్దీ బిగుసుకునేది" అన్నాడు. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ఇక్కడి బెదూయిన్ల నల్ల మేకవెంట్రుకల గుడారం కూడా సరిగ్గా అలాగే పనిచేస్తుంది. ఎండలో పోగుల మధ్య గాలి ఆడుతుంది, వానలో అవే ఉబ్బి దగ్గరపడతాయి. ఆ నేతని సదూ అంటారు. దానికోసం 1980లోనే కువైట్‌లో సదూ హౌస్ పెట్టారు. 2020లో సౌదీతో కలిసి యునెస్కో జాబితాకీ ఎక్కించారు. గుడారాల్లో ఉండేవాళ్ళు ఇళ్ళలోకి మారిపోయినా, సదూ అన్న మాట మాత్రం ఇక్కడ పిల్లలకి తెలుసు.

మన గొంగళికి సామెతలు మిగిలాయి. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటాం. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు అంటాం. గొంగళిపురుగు అని పిల్లలకి నేర్పుతాం. వస్తువు కంటితో చూడని తరానికి ఇంకొన్నాళ్ళకి ఆ పురుగు పేరే అసలు అర్థం అయిపోతుంది. గిడుగుకి, గూడకి, కొప్పెరకి సామెత ఆసరా కూడా లేదు. అవి తొడిగినవాళ్ళలో చాలామంది రాయడం రానివాళ్ళు. కాబట్టి రాసే పని మనదే. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు, వానలో నాటు వేసేటప్పుడు నెత్తిన ఏం పెట్టుకునేదానివని అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఆమె చెప్పే మాట పైవాటిలో ఏదీ కాకపోతే మరీ మంచిది. దాన్ని ఆమె పలికినట్టే రాసిపెట్టుకోండి.