పప్పుశనగ వేళ్లలోని బ్యాక్టీరియాని ఎండలో బతికించేదెలా?

రబీలో కర్నూలు, నంద్యాల, కడప వైపు నల్లరేగడి పొలాల్లో పప్పుశనగ బాగా వేస్తారు. పూత దశలో ఒక మొక్కని వేళ్లు తెగకుండా తవ్వి తీస్తే, వాటికి చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండేది రైజోబియం అనే బ్యాక్టీరియా. అది గాలిలోని నత్రజనిని మొక్కకి పనికొచ్చేలా మారుస్తుంది, మొక్క దానికి చక్కెర ఇస్తుంది. బుడిపెని గోరుతో చీలిస్తే లోపల ఎర్రగా ఉందంటే అది పని చేస్తున్నట్టే. 1888లో బైయరింక్ అనే డచ్ శాస్త్రవేత్త దీన్ని బుడిపెల నుంచి వేరు చేసి పెంచాడు.

నాకు ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, ఎండాకాలంలో పంట లేకుండా కాలిపోయే మన నేలలో కూడా వీటిలో కొన్ని బతికే ఉంటాయి. అలాంటి గట్టి రకాలు దొరికితే మన రైతుకే లాభం. కానీ పొలం నుంచి ల్యాబ్ దాకా ప్రాణంతో తేవాలి కదా!

పచ్చి బుడిపెల్ని ప్లాస్టిక్ కవర్లో వేసి ఎండలో బస్సెక్కితే దారిలోనే కుళ్లిపోతాయి. అందుకే ఫీల్డ్‌కి వెళ్లేవాళ్లు చిన్న గాజు సీసా తీసుకెళ్తారు. అడుగున సిలికా జెల్ (కొత్త షూ డబ్బాలో పొట్లంగా వస్తుందే, అదే), దానిపైన దూది, దూది మీద బుడిపెలు, గట్టి మూత. తేమ పోయిన బుడిపెలో బ్యాక్టీరియా నెలల తరబడి బతుకుతుంది. సీసా మీద ఊరు, తేదీ, పంట రాయాలి. లేకపోతే అది కామెంట్స్ లేని కోడే.

ల్యాబ్‌లో బుడిపెని నీళ్లలో నానబెట్టి, పైనున్న వేరే సూక్ష్మజీవులు చచ్చేలా ఆల్కహాల్‌తో, బ్లీచ్‌తో కడుగుతారు. తర్వాత శుభ్రమైన నీళ్లతో చాలాసార్లు కడిగి, నలిపి, కాంగో రెడ్ రంగు కలిపిన అగార్ మీద గీస్తారు. రైజోబియం ఆ రంగుని పెద్దగా పీల్చదు, తెల్లగానే ఉంటుంది. 28 డిగ్రీల దగ్గర పప్పుశనగది మూడు నుంచి ఐదు రోజుల్లో కనిపిస్తుంది, శెనక్కాయది దాదాపు వారం. మళ్లీ మొలకకి పట్టిస్తే బుడిపెలు రావాలి, అప్పుడే అది అసలుది.

దాచడం ఇంకో కథ. మనం ఫైల్‌ని వెయ్యిసార్లు కాపీ చేసినా మారదు. బ్యాక్టీరియాని ప్లేటు నుంచి ప్లేటుకి మారుస్తూ పోతే మాత్రం బుడిపెలు కట్టే గుణమే పోవచ్చు. అందుకే గ్లిజరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల దగ్గర, లేదా గడ్డకట్టించి ఆరబెట్టి దాస్తారు. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో పప్పుశనగ, వేరుశనగ రైజోబియం మీద చాలా పని జరిగింది.

రైతుకి చేరేది పొట్లంలో నల్లటి పొడి. రూల్ ప్రకారం గ్రాములో కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. ఎండలో పెడితే ఆ లెక్క తగ్గిపోతుంది, చచ్చిన పొడి, బతికిన పొడి చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మా జేజినాయన పొట్లం మీద తేదీ చూసి కొని, ఇంట్లో నీళ్ల కుండ పక్కన పెడతాడు. తెగుళ్ల మందు పట్టించాల్సి ఉంటే అది ముందు, బెల్లం నీళ్లతో రైజోబియం చివర్న. విత్తనాన్ని నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తుతాడు. ల్యాబ్ వాళ్లు అంత కష్టపడి బతికించినదాన్ని ఆఖరి రోజు కాపాడేది ఆ నీడే.