మాటలేని మాట - మూకాభినయం

ఎ.ఎస్. రావు నగర్‌లో మనమెక్కిన బస్సు కదులుతుంటే, కిందనున్న మిత్రుడు బొటనవేలు చెవికీ, చిటికెనవేలు నోటికీ ఆనించి చూపిస్తాడు. "ఫోన్ చెయ్యి" అని ఇట్టే అర్థమైపోతుంది. మూకాభినయానికి మూలం ఇదే.

భరతుడు నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. మూకాభినయం వాచికాన్ని వదులుకుంటుంది. ఆ బరువంతా మిగిలినవాటిమీద పడుతుంది. లేని గోడను చూపాలంటే నటుడు అరచేతిని గాలిలో టక్కున ఆపాలి. ఒళ్ళు కదిలినా ఆ చెయ్యి కదలకూడదు. చెయ్యి జారిందా, గోడ కూలినట్టే! అది నిలిచినంతసేపూ గోడను చూసేవాడి ఊహే కడుతుంది.

మన తెలుగు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన "పుష్పక విమానం"లో సంగీతం, చప్పుళ్ళు ఉన్నాయి గాని సంభాషణ లేదు. అయినా కథ అందరికీ తెలిసింది.

అయితే ఒక్క విషయం. మూకాభినయమంటే మూగవాళ్ళను అనుకరించి నవ్వించడమని కొందరు పొరబడుతుంటారు. బధిరుల సంజ్ఞాభాషకు సొంత వ్యాకరణం, పదజాలం ఉన్నాయి. అది పూర్తి భాష. దాన్ని వెక్కిరించడం కళ కానేకాదు.

ఈసారి వార్షికోత్సవంలో మూకాభినయం చేయదలచిన మిత్రులు, ముందుగా తోపుడుబండివాణ్ణీ, బస్సులో చంటిబిడ్డతో నిలబడ్డ తల్లినీ శ్రద్ధగా గమనించండి. ఆ తర్వాతే వేదిక ఎక్కండి.